ఓబులేసు చేతి ముద్ద

వేరుశనగ పీకేసిన చేలో ఓబులేసు గొర్రెల మంద దిగింది. చేనికి ఎరువవుతుందని రైతే పిలిపించుకున్నాడు. మందకు కాపలా కర్రెమ్మ అనే నల్ల కుక్క. దానికి రెండు నెలల కూనలు మూడు. కర్రెమ్మ ఉన్నన్నాళ్లూ ఒక్క గొర్రెపిల్ల మీద కూడా పంటి గాటు పడలేదు. అందుకే గట్టు అవతలి నక్కకు కడుపు మాడిపోతోంది.

రైతు ఇంట్లో విందు జరిగిన మర్నాడు పొద్దున నక్క ఒక కోడి ఎముక కరుచుకొచ్చి కర్రెమ్మ ముందు పడేసింది.

"తినక్కా. మసాలా బాగా దట్టించినారు."

"మా అయ్య చేతి ముద్ద తప్ప ఇంకోటి ముట్టను. నీ నోట్లోంచి పడింది అసలే ముట్టను."

"సరేలే అక్కా. ఆయన చేత్తోనే తిందువుగాని," అని నక్క వెళ్లిపోయింది.

రైతు ఇంటి వెనక పారేసిన ఎముకల కవరును ఈడ్చుకొచ్చి, ఓబులేసు రోజూ సంగటి తినే వేపచెట్టు కింద పెట్టింది. మధ్యాహ్నం ఓబులేసు దాన్ని విప్పి చూశాడు.

"రైతు మహానుభావుడు. నా కుక్కను కూడా మరిచిపోలేదు," అని మురిసిపోయి కర్రెమ్మను పిలిచాడు.

మందలోని ముసలి మేకపోతు అడ్డం వచ్చింది.

"వద్దమ్మీ. పోయిన ఊళ్లో ఇట్లాంటివి తిని ఒక కుక్క చచ్చింది, నేను చూసినా. ఉడికిన ఎముక కొరికితే సూదులుగా చీలి పేగులు కోస్తుంది. పైగా దాన్నిండా ఉల్లిగడ్డ. అది మీ జాతికి విషం."

"తెలుసు తాతా. పొద్దున నక్క నోట్లో ఉన్నదీ ఇదే."

"తెలిసీ తింటావా?"

"అయ్య పెడితే వద్దనేదెట్లా? ఆయన మొహం చూడు, ఎంత సంబరపడుతున్నాడో."

తింది. చివరి ముక్క దాకా తింది. ఓబులేసు దాని తల నిమిరాడు.

మర్నాటికి వాంతులు మొదలయ్యాయి. మూడో రోజు నెత్తురు పడింది. ఓబులేసు పసుపు నీళ్లు పట్టాడు, దిష్టి తీశాడు. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని మాత్రం ఆ పిచ్చి మనిషికి తోచలేదు. నాలుగో రోజు కర్రెమ్మ ఆయన ఒళ్లోనే ప్రాణం విడిచింది. ఆయన ఏడుస్తూ గుంత తవ్వుతుంటే, నక్క పట్టపగలే వచ్చి ఒక గొర్రెపిల్లను పట్టుకుంది.

"దాన్ని చంపింది నువ్వే," అంది మేకపోతు.

"నేను పెడితే తినలేదు కదా తాతా. పెట్టింది ఆయన," అని నక్క తన పని చూసుకుని పోయింది.

ఓబులేసు చేతులు కడుక్కుని వచ్చేసరికి కూనలు మూడూ ఆకలికి కుయ్యి కుయ్యిమంటున్నాయి. నేరుగా రైతు ఇంటికి పోయి, తల్లి లేని పిల్లలకు ఏమైనా మిగిలిందా అని బతిమాలి తెచ్చాడు. ఆదివారం కావడంతో ఆ ఇంట్లో మళ్లీ కోడికూర. ఎముకలు పిడికిట పట్టుకుని కూర్చోగానే కూనలు తోకలూపుతూ ఆయన చేతి చుట్టూ చేరాయి. మేకపోతు గొంతు పగిలేలా అరిచింది. దీనికీ ఆకలేసినట్టుంది అనుకున్నాడు ఓబులేసు.

పెట్టే చేతికి ప్రేమ ఒక్కటే చాలదు, ఏం పెడుతున్నదో తెలిసి ఉండాలి.