భావనయ్య పెరట్లో రేగుమొద్దు

అనగనగా, రాజుగారి నగారా కన్నా మగ్గాల చప్పుడే గట్టిగా వినిపించే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో భావనయ్య అనే నేతగాడు, అతని భార్య నీలవ్వ కాపురముండేవారు. వాళ్ల పెరటి నడిమధ్య ఒక రేగుచెట్టు.

పడుగు నూలును, అంటే బట్టలో నిలువు పోగులను, బారుగా సాగదీసి గంజి పట్టించాలంటే పెరడంతా ఖాళీగా ఉండాలి. అందుకని భావనయ్య గొడ్డలి తీసి చెట్టును మొదలంటా నరికేశాడు. "పీడ విరగడైంది!" అని మీసం దువ్వాడు. మీసానికేం, ఎప్పుడైనా దువ్వుకోవచ్చు!

అంతలో రాజభటుడు వచ్చాడు.

"యువరాణి పెళ్లిచీర నువ్వే నేయాలి. ముహూర్తానికి అందకపోయిందో, మగ్గం ఊడదీసి పట్టుకుపోతాం!"

భావనయ్య సన్ననూలు పడుగు సాగదీశాడు. తెల్లారి చూస్తే మొద్దు చుట్టూ ముళ్ల చిగుళ్లు! గాలికి ఊగిన పడుగు ముళ్లకు చిక్కి, పోగులు పటపటా తెగాయి.

"ఏమే నీలవ్వా, నరికిన చెట్టు లేచొచ్చిందే!"

"చిగుళ్లేగా, కోసి పారెయ్!"

కోశాడు. కోసినచోట గుబురుగా మొలిచాయి.

ఊక పోసి మొద్దు తగలబెట్టాడు. మొద్దు బూడిదైంది. మూరెడు అవతల కొత్త మొలక నిక్కి చూసింది!

పెద్ద బండ దొర్లించి మూతవేశాడు. అమ్మో! బండ చుట్టూ పెళ్లిపందిరిలా చిగుళ్లే! రెండో పడుగూ తెగింది. ఇక మిగిలింది ఒక్క పడుగుకు సరిపడే నూలు.

"ఇది చెట్టు కాదయ్యా, దెయ్యం! భూతవైద్యుణ్ణి పిలువు" అంటూ నీలవ్వ, మిగిలిన గంజి కుండెత్తి ఆ బండ పక్కనే కుమ్మరించింది.

పెరట్లో గుంజకు కట్టిన వాళ్ల ముసలి మేక నమలడం ఆపేసింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగింది.

"చూడ్డంలేదూ? గంజి అన్నంతో సమానం. కాలికింద పడకూడదని రోజూ ఇక్కడే పోస్తాను."

"ఓరి నాయనో! పైన మొగుడు గొడ్డలితో నరుకుతుంటే కింద పెళ్లాం విందు పెడుతోందా! దెయ్యం చెట్టులో లేదు తల్లీ, నీ కుండలో ఉంది!"

నీలవ్వ చేతిలో కుండ జారి పగిలింది.

"అయితే ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు భావనయ్య.

"బండ తీసి అందినంత వేరు తవ్వెయ్. గంజి నా తొట్లో పొయ్యండి. నా పలుపు విప్పండి. చిగురు ఆకు విప్పకముందే కొరికేస్తా. వేరుకు వండిపెట్టేది ఆకే. ఆకు లేకపోతే అది పస్తే!"

"మేక చెబితే నేను వినాలా?"

"మొద్దుకు అన్నం పెట్టిన ఇల్లు మనది. ఇంకా సిగ్గేమిటయ్యా? విను!" అంది నీలవ్వ.

విన్నాడు. తవ్వాడు. చిగుళ్లు వచ్చాయి, మేక కొరికింది. మళ్లీ వచ్చాయి, పాలిపోయి. మళ్లీ కొరికింది. ఆ తర్వాత నేల పగుల్చుకుని మొలకేదీ రాలేదు.

ఆఖరి పడుగు ఒక్క పోగూ తెగకుండా సాగింది, ముహూర్తానికి చీర మగ్గం దిగింది. మగ్గం పట్టుకుపోదామని వచ్చిన భటుడు చీర పట్టుకుని వెళ్లాడు.

పిల్లలూ, వద్దనుకున్నదాన్ని ఎన్నిసార్లు నరికామన్నది కాదు, దానికి మేత పెట్టడం ఎప్పుడు మానామన్నదే లెక్క.