పండుగప్ప కోసం అల్లిన తాడు

అనగనగా సముద్రం పక్కనే ఒక అడవి. మామూలు అడవి కాదు, మడ అడవి. అక్కడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు ఎక్కుతాయి, పోటు తీసినప్పుడు దిగిపోతాయి. అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. అలాంటి చోట ఎవరుంటారు అంటారా? ఉండేవాళ్లు ఉంటారు.

ఆ అడవిలో మచ్చి అనే బావురుపిల్లి ఉండేది. బావురుపిల్లి అంటే మన ఇళ్లలో పాలగిన్నె చుట్టూ తిరిగే పిల్లి కాదు, పిల్లలూ. కాలువ ఒడ్డున కూర్చుని, నీళ్లలోకి పంజా విసిరి చేపలు పట్టుకునే అడవిపిల్లి. మచ్చికి ఇద్దరు కూతుళ్లు, పెద్దది, చిన్నది. ఇద్దరూ ఇంకా పాలు తాగే పసివాళ్లే. మచ్చికి చేపలు దొరికితే పాలు పడతాయి, పాలు పడితే పిల్లలు బతుకుతారు.

పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు వస్తుంది. ఆ ఏడు అలాంటి ఒక పోటు నాడు ఒక పండుగప్ప చేప సముద్రంలోంచి కాలువలోకి వచ్చింది. అది మచ్చి కంటే పొడుగు, మచ్చి కంటే బరువు. కాలువ మలుపులో లోతైన మడుగు చూసుకుని కాపురం పెట్టేసింది. రొయ్యల్ని మింగింది, చిన్న చేపల్ని మింగింది. మిగిలినవి ప్రాణాలు అరచేత పట్టుకుని సముద్రంలోకి పారిపోయాయి.

మచ్చి పంజా విసిరితే ఇప్పుడు బురద తప్ప ఏమీ రావడం లేదు. పాలు తగ్గాయి. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి ఏడవడం కూడా తగ్గించారు. తల్లికి అప్పుడు నిజంగా భయం వేసింది.

"దాన్ని పడితే తప్ప మనకి తిండి లేదు. నీళ్లలోకి దిగితే దాని బలం ముందు నేను ఆగలేను. ఒడ్డు మీదే ఉండి, గాలం వేసి పట్టాలి" అనుకుంది.

కొక్కేలకి కొదవ లేదు. జాలర్లు పోగొట్టుకున్న ఇనప కొక్కేలు ఆ మడచెట్ల వేళ్ల మధ్య చాలానే ఉంటాయి. కావలసింది తాడు. అంత పెద్ద చేప గుంజినా తెగని తాడు.

మచ్చి ముందుగా ఉడుము దగ్గరికి వెళ్లింది. ఉడుము ఎండలో పడుకుని ఉంది.

"మామా, పండుగప్పకి గాలం వేయాలి. గట్టి తాడు ఉందా?" అని అడిగింది.

"నా దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గర ఉంటుందే?" అంటూ ఉడుము ఒక తీగను ఈడ్చుకొచ్చింది. "చూడు, నా తోకంత లావు! ఏనుగునైనా కట్టేయొచ్చు."

ఆ ఉడుము పుట్టి బుద్ధెరిగి ఏనుగును చూసింది లేదు. అది వేరే సంగతి. మచ్చి తీగ చివర కొక్కెం పెట్టి ముడి వేయబోయింది. వంచగానే తీగ ఫట్‌మని చీలింది.

"ముడి వేయమని నీకెవరు చెప్పారు?" అని ఉడుము చిరాకు పడి అటు తిరిగి పడుకుంది.

తర్వాత మచ్చి గిజిగాడు దగ్గరికి వెళ్లింది. ఆ పిట్ట తాటిచెట్టు మీద గూళ్లు అల్లుకుంటూ ఉంటుంది. కింద పిల్లిని చూడగానే పైకొమ్మకి ఎగిరింది.

"అక్కా, అక్కడే ఆగు. ఏం కావాలన్నా కింద నుంచే మాట్లాడు" అంది.

మచ్చి సంగతంతా చెప్పింది. గిజిగాడు ఒక కొమ్మ కిందికి దిగింది. "మొన్న గూట్లోంచి జారి నీళ్లలో పడ్డ నా పిల్లని మింగింది ఆ చేపే. తాడు అల్లి ఇస్తాను. తాటిమట్టల నార తీయాలి, నానబెట్టాలి, సన్నగా చీల్చాలి, నాలుగు పాయలు చేసి బిగించి అల్లాలి. మళ్లీ పెద్ద పోటు వచ్చేదాకా పడుతుంది" అంది.

"అన్నాళ్లా! పిల్లలు ఆకలితో ఉన్నారు తమ్ముడూ!"

"అందుకే గట్టిది అల్లుతానంటున్నాను అక్కా. అది ఒకసారి గాలం తప్పించుకుందంటే మళ్లీ తేలిగ్గా నోరు తెరవదు."

మచ్చి ఏమీ తేల్చుకోకుండానే ఇంటి దారి పట్టింది. ఆ దారిలోనే సాలీడు కాపురం. కొమ్మ మీంచి ఒక దారం వేలాడుతోంది. ఎండ తగిలి బంగారంలా మెరుస్తోంది. గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

ఇక పిల్లి సంగతి మీకు తెలుసు కదా! కళ్ల ముందు ఏదైనా ఊగిందంటే పంజా ఆగదు. మచ్చి ఒకసారి కొట్టింది. దారం ఎగిరి నాట్యమాడింది. ఇంకోసారి కొట్టింది. ఇంకా బాగా ఆడింది. మచ్చి ఆకలి మరిచిపోయింది, పండుగప్పను కూడా మరిచిపోయింది.

"నచ్చిందా అమ్మాయ్? నున్నగా ఒకే పోగు. నీళ్లలో పడితే చేప కంటికి ఆనదు. పైగా సిద్ధంగా ఉంది. కావాలంటే ఇప్పుడే తీసుకుపో" అంది సాలీడు.

మచ్చి దాన్ని తడిపి చూడలేదు. రాయికి రాసి చూడలేదు. ముడి వేసి గుంజి చూడలేదు. "ఇదే నా తాడు!" అనేసింది.

ఆ సాయంత్రమే గాలం వేసింది. ఎరగా పీత కాలు గుచ్చింది. సాలీడు అబద్ధం చెప్పలేదు, దారం చేప కంటికి ఆనలేదు. పండుగప్ప గబుక్కున మింగింది. మచ్చి గుండె ఎగిరి గంతేసింది. చేప ఒక్కసారి తల విదిలించింది. దాని మొప్పల మీది డిప్ప అంచు కత్తిలా ఉంటుంది. ఆ అంచు తగలగానే దారం తెగిపోయింది. ఉన్నదే ఒక్క పోగు. అది తెగాక పట్టుకోవడానికి ఇంకేముంది?

పండుగప్ప నీళ్ల మీదికి వచ్చి, "మచ్చీ, దారం భలే ఉందే! ఇంకోటి ఉంటే పంపు, పళ్లు కుట్టుకుంటాను" అని వెక్కిరించి మునిగిపోయింది.

సిగ్గుతో నాలుగు రోజులు ఆగి, మచ్చి తల వేలాడేసుకుని గిజిగాడు చెట్టు కిందికి వెళ్లింది. "తమ్ముడూ, తప్పయిపోయింది. అల్లిపెట్టు" అంది.

"ఆ రోజే సరే అని ఉంటే ఈపాటికి నార నానేది. ఇక వచ్చే పెద్ద పోటుకి అందదు, ఆ తర్వాతి పోటుకే" అంది గిజిగాడు. అంతకు మించి దెప్పలేదు. పనిలోకి దిగింది.

మచ్చి పగలంతా బురద తవ్వి పీతల్ని పట్టేది. పీతలు ఊరికే దొరుకుతాయా? మూతి మీద, పాదాల మీద కరిచి రక్తం కళ్లజూసేవి. ఆ తిండికి పడే పాలు పెద్దదానికే చాలేవి కావు. చిన్నది లేచి నిలబడడం మానేసింది. తల్లి నాకితే కళ్లు తెరిచేది, మళ్లీ మూసేది.

సాయంత్రాలు మచ్చి తాటిచెట్టు దగ్గర కూర్చునేది. తాడు పైనుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగేది. మట్టి రంగు, మెరుపు లేదు, నునుపు లేదు. మీ అమ్మ జడ వేసేటప్పుడు చూశారుగా, అలా పాయ మీద పాయ పడుతూ వచ్చేది. అదీ గాలికి ఊగేది. మచ్చి పంజా దానంతటదే లేచేది.

"అక్కా, గోళ్లు!" అని గిజిగాడు పైనుంచి అరిచేది. "గీరావంటే పోగులు లేచిపోతాయి!"

చివరికి మచ్చి తన ముందుకాళ్లు పొట్ట కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. పిల్లికి అంతకు మించిన తపస్సు లేదు.

తాడు పూర్తయింది. ఈసారి మచ్చి తొందరపడలేదు. ముందు నీళ్లలో నానబెట్టింది. కొక్కేనికి ముడి వేసి బలంకొద్దీ గుంజింది. చెట్ల వేళ్లకి అంటుకున్న గుల్లల అంచున రాసి చూసింది. తాడు నిలిచింది. అప్పుడు రెండో కొసను లావుపాటి మడచెట్టు మొదలుకి చుట్టి కట్టింది.

ఒక పెద్ద పోటు దాటిపోయి, రెండోది వచ్చింది. మచ్చి ఎర వేసింది. పండుగప్ప తాడును చూసింది. "ఈసారి పాతచీర చింపి తెచ్చావా?" అని నవ్వింది. దారాన్ని తెంపినదానికి తాడు ఒక లెక్కా! పొగరుగా వచ్చి మింగింది.

తల విదిలించింది. తాడు తెగలేదు. మళ్లీ విదిలించింది. మొప్ప అంచు తగిలి ఒక పాయ తెగింది. మచ్చికి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ మిగిలిన మూడు పాయలు బిగుసుకున్నాయి. చేప వేళ్లలోకి దూరింది, గుల్లలకేసి ఒరిసింది, పైకి ఎగిరి పడింది.

"ఇదేంటే, తెగదేం?" అని అరిచింది.

మచ్చి కాళ్లు బురదలో గట్టిగా తన్నిపెట్టింది. చేప గుంజినప్పుడు చెట్టుకి చుట్టిన తాడును కొంచెం వదిలింది. అలిసినప్పుడు లాగి మళ్లీ చుట్టింది. అలా వదులుతూ, లాగుతూ ఉండగానే పోటు తీసింది. నీళ్లు దిగిపోయాయి. పండుగప్ప బురద మీద మిగిలింది.

మచ్చి కడుపు నిండా తింది. ఆ రాత్రి పాలు పడ్డాయి. పెద్దది పరిగెత్తుకుంటూ వచ్చి తాగింది. చిన్నదాన్ని తల్లే మూతితో దగ్గరికి జరుపుకుంది. అది మెల్లగా చప్పరించడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి చిన్న చేపలు కూడా తిరిగి కాలువలోకి వచ్చాయి.

ఒకరోజు సాలీడు, "నా దారం మాత్రం తీసిపోయిందా అమ్మాయ్? ఎంత అందంగా ఉండేది!" అంది.

"అందంగానే ఉంది అత్తా. నేను దాన్నే చూశాను, చేపను చూడలేదు" అంది మచ్చి.

పెద్దది ఏపుగా ఎదిగింది. చిన్నది బతికింది గానీ, ఆ ఎండిపోయిన రోజులు దాన్ని వదల్లేదు. అక్క భుజం దాకానే ఎదిగి ఆగిపోయింది. ఇద్దరూ పక్కపక్కన నీళ్లు తాగుతుంటే చూసేవాళ్లు, "పెద్దదీ చిన్నదీ కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది" అనేవారు.

ఇద్దరూ ఒకే కాన్పులో పుట్టారని మచ్చికి తెలుసు.

నీతి: పట్టబోయే బరువును చూసి తాడు ఎంచుకోవాలి; కంటికి నచ్చిందని ఎంచుకుంటే, ఆ తప్పుకి మనల్ని నమ్ముకున్నవాళ్లు నష్టపోతారు.