కాకికి గొంతిచ్చిన కే

ఒకప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో మూగది ఒక్కటీ లేదు. మాటలో నిలబడ్డ ప్రతి అక్షరమూ గొంతు విప్పాల్సిందే. పలకని అక్షరానికి వరసలో చోటు లేదు. అది వాళ్ల కట్టుబాటు. కత్తిని అప్పట్లో ‘క్నైఫ్’ అనేవారు. ఎంత హాయి! విన్నది విన్నట్టు రాసేస్తే సరిపోయేది.

ఆ మాటకు ముందు నిలబడేది కే. దాని గొంతు ఖంగుమనేది, పక్క ఊరికి కూడా వినపడేది. తన గొంతంటే కేకి ప్రాణం.

కాకికి మాత్రం అప్పట్లో గొంతే లేదు.

ఒకనాడు తల్లికాకి రెక్కలు టపటపా కొట్టుకుంటూ వచ్చి కే ముందు వాలింది. ముక్కుతో వేపచెట్టు వైపు చూపించింది. కొమ్మ మీద గూడు, గూట్లో కళ్లు తెరవని పిల్లలు. కింద నుంచి పాము పాకుతోంది! తక్కిన కాకులేమో దూరంగా చేలో గింజలు ఏరుకుంటున్నాయి.

కే గట్టిగా అరిచింది. ఒక్క కాకీ తలెత్తలేదు. అక్షరం పిలిస్తే కాకులొస్తాయా? తల్లి పిలవాలి.

“నా గొంతిస్తే వరసలో నా చోటు పోతుందే” అని కే ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంతలో పాము గూటి కొమ్మ మీదికి చేరింది.

“ఇదిగో తల్లీ, సగం తీసుకో!” అనేసింది కే.

“కా! కా!”

కాకులన్నీ ఒక్కసారిగా వచ్చిపడి పాముని పొడిచేశాయి. బతుకుజీవుడా అంటూ అది జారుకుంది.

మర్నాడు అక్షరాలు వరస కట్టాయి. కింగ్‌కీ కైట్‌కీ మిగిలిన సగం గొంతు సరిపోయింది. క్నైఫ్ దగ్గరికొచ్చేసరికి కే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పాపం, తల దించుకుని పక్కకి తప్పుకోబోయింది.

పక్కనున్న ఎన్ చెయ్యి పట్టుకుంది. “ఎక్కడికి వదినా? విస్తరి ముందు కూర్చున్నవాళ్లని మధ్యలో లేపుతామా?”

“నేను పలకలేను కదమ్మా.”

“బాగుంది! మరి ఆ చెట్టు మీద పలుకుతున్నదెవరు?”

అక్షరాలన్నీ చెవులు రిక్కించి విన్నాయి. కట్టుబాటు మాట ఇంకెవరూ ఎత్తలేదు. ఎంత గొప్ప మనసు ఆ కేది!

అప్పటినుంచే కాకి ఒక్క మెతుకు దొరికినా కా కా అని అందరినీ పిలుస్తుంది. ఆ గొంతు గుణమే అంత. అప్పటినుంచే నైఫ్ ముందు కే నోరు మెదపకుండా నిలబడుతుంది. డిక్టేషన్‌లో ఆ మాట రాసేటప్పుడు కిటికీ బయట కాకి అరిచిందా, కే తన చోటు అడుగుతున్నట్టే.