ఓబులేసు టైరు

ఎక్కడ ఏ గురువు ఉన్నాడని విన్నా వెళ్ళి ఉపదేశం పుచ్చుకోవడం చెన్నకేశవులుకు అలవాటు. చివరికి నరసప్పగారి దగ్గర చేరాడు. ఆయన కొత్తగా ఏమీ ఉపదేశించలేదు సరికదా, అంతకుముందు పుచ్చుకున్న మంత్రాలను కూడా ఒక్కొక్కటే వదిలెయ్యమంటూ వచ్చారు. ఒకనాటి ఉదయం శిష్యుడు విసిగిపోయి అడిగేశాడు:

"స్వామీ, ఏదో దొరుకుతుందని వచ్చినవాణ్ణి. మీరేమో ఉన్నది కూడా ఊడబెరుకుతున్నారు. ఇదేం విద్య?"

నరసప్పగారు వాదనకు దిగే మనిషి కాదు. తానెరిగిన ఓబులేసు సంగతి చెప్పారు.

ఓబులేసు మదనపల్లె దగ్గర టమాటా లారీ నడిపేవాడు. లారీ అతని అక్క రాజమ్మది. భర్త పోయాక ఆమె ఇల్లు దాని మీదే నడుస్తోంది. వెనక టైరొకటి అరిగి నున్నబడితే, కొత్త రబ్బరు వేయించడానికి ఓబులేసు కరీముల్లా షాపుకు తీసుకెళ్ళాడు. కరీముల్లా టైరు లోపలంతా చేత్తో తడిమి, "గట్టిగానే ఉంది" అని మిషనుకెక్కించి పైభాగం గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పొడి కుప్పగా రాలుతుంటే ఓబులేసు ప్రాణం ఉసూరుమంది.

"ఏమప్పా, రబ్బరు వెయ్యమంటే ఉన్న రబ్బరు పీకుతావే!"

"నున్నటి దాని మీద ఏదీ పట్టదు. గరుకు తేలాల. ఆమీదటే కొత్త పట్టీ అతికించి ఉడకబెట్టేది."

ఓబులేసు కాసేపు ఊరుకుంటాడు, మళ్ళీ "చాల్లే, ఆపు" అంటాడు. మిషను ఆపితే "ఎందుకాపినావు?" అంటాడు. చివరికి కరీముల్లా టైరు దించి రోడ్డు మీదికి దొర్లించి, "నీకో దణ్ణం, తీసుకుపో" అన్నాడు.

ఊరి చివర ఇంకో షాపువాడికి ఇలాంటి పట్టింపులు లేవు. ఓబులేసు కోరినట్టే గీకీ గీకకుండా కొత్త పట్టీ వేసి ఇచ్చాడు. టైరు నిగనిగలాడింది. ఓబులేసు దాన్ని అక్కకు చూపించి మురిసిపోయాడు.

ఆ వారమే, లోడుతో కనుమ దిగుతుండగా పట్టీ ఊడి చక్రానికి చుట్టుకుంది. లారీ కొండవైపు ఒరిగి ఆగింది కాబట్టి ప్రాణాలు దక్కాయి. సరుకు అమ్మకానికి తోడొచ్చి పక్క సీట్లో ఉన్న రాజమ్మ చెయ్యి విరిగింది. టమాటాలన్నీ రోడ్డు మీద చెల్లాచెదురై లోయలోకి దొర్లిపోయాయి.

అక్కను ఆస్పత్రిలో చేర్చి ఓబులేసు మళ్ళీ కరీముల్లా దగ్గరికే వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కరీముల్లా ఒక్క మాటా దెప్పలేదు. టైరు లోపల మళ్ళీ తడిమి, "ఇంకా పనికొస్తుందిలే" అంటూ మిషనుకెక్కించాడు. నల్లపొడి రాలసాగింది. ఓబులేసు పళ్ళు బిగించి చూశాడు, చూశాడు, ఉండబట్టలేక అన్నాడు:

"భాయ్, కాస్త తక్కువగా గీకరాదా?"

చెన్నకేశవులు పగలబడి నవ్వాడు. "అక్క చెయ్యి విరిగినా బుద్ధి రాలేదా! ఎంత మూర్ఖుడు స్వామీ!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించాడు. "సరే, మీరన్నట్టే అన్నీ వదిలేస్తాను. దానికి ముందు మీ నోటితో ఒక్క చిన్న మంత్రం ఇప్పించండి. ధైర్యంగా ఉంటుంది."

నరసప్పగారు నిట్టూర్చి లేచారు.

"ఇవ్వడానికేం నాయనా, ఆ ఊరి చివర షాపువాడూ ఇచ్చాడు."