దించని కాలు

అనగనగా ఒక ఊళ్ళో... కాదర్రా, ఇవాళ ఊళ్ళో కాదు, రెండు రాజ్యాల నడుమ. ఇటు ఎర్రకోన, అటు నల్లకోన. రెంటికీ పడదు. ఎందుకు పడదని అడక్కండి, వాళ్ళకే తెలీదు. మధ్యన ఇంత పెద్ద ఇనప గేటు. ఊ కొడుతున్నారా? ఊఁ అనండి మరి, గోడకి చెబుతున్నానా?

రోజూ పొద్దుగూకే వేళకి గేటు తీసేవాళ్ళు. ఎవర్నీ రానివ్వడానికి కాదు, కోపం చూపించుకోడానికి. ఇటునించి ఒక జవాను, అటునించి ఒక జవాను. తలపాగాకి కోడిపుంజు జుట్టులాంటి తురాయి. దభీ దభీమని నేల తొక్కుకుంటూ వచ్చి, మీసం మెలేసి, కళ్ళురిమి, కాలు నెత్తిదాకా ఎత్తేవాళ్ళు. కాళ్ళు దిగితే గేటు ధడేలుమని పడాలి. అదీ ఆచారం. రాజులిద్దరూ ఇటొకరు అటొకరు గొడుగుల కింద కూచుని వేరుశనక్కాయలు నములుతూ చూసేవారు. రోజూ యుద్ధమే, ఎవడికీ దెబ్బ తగిలేది కాదు. ఆ నేలకి తప్ప.

ఇటు కాలెత్తేవాడు అప్పన్న. వాడి పెళ్ళాం పైడమ్మ. ఆ పిల్ల పుట్టిల్లు అటు నల్లకోన. అటు కాలెత్తేవాడు ఎవరనుకున్నారు? పైడమ్మ అన్న గంగులు! పెళ్ళిలో ఒకే బంతిన కూచుని అరిసెలు తిన్నవాళ్ళే. ఏం చేస్తారు, ఉజ్జోగం.

పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. అవతల వాళ్ళమ్మకి కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. చూపు పూర్తిగా పోకముందే మనవరాలి మొహం ఒక్కసారి చూడాలని ముసల్ది ఒకటే ఏడుపు. ఏడవదూ మరి? నేనైతే ఆ గేటుకేసి తల బాదుకుందును. పైడమ్మ మొగుణ్ణి బతిమాలింది. కాస్సేపు కాలు దించకయ్యా, ఆలోగా వెళ్ళొస్తానంది. రాజాజ్ఞ లేందే వేలు కూడా కదపనన్నాడు ఆ మహానుభావుడు. సరేలే అంది. రాజాజ్ఞేగా కావాల్సింది!

మర్నాడు పిల్లని చంకనేసుకుని జనంలో ముందుకెళ్ళి నుంచుంది. కాళ్ళు లేచాయి. "అయ్యో అయ్యో, మనవాడి కాలే ముందు దిగేట్టుందర్రా, పరువు పోయె!" అని గొంతు చించుకుంది. ఎర్రకోన రాజుకి శనగ్గింజ గొంతుకడ్డం పడింది. అవతలివాడు దించకముందే నువ్వు దించావో, తల తీయిస్తానన్నాడు. అది విని అటు రాజూ తన జవానుతో అదే మాటన్నాడు.

గేటెందుకు పడలేదు? కాలు దిగలేదు. కాలెందుకు దిగలేదు? రాజు దించద్దన్నాడు. రాజెందుకు దించద్దన్నాడు? పక్క రాజు దించద్దన్నాడు. పక్క రాజెందుకు దించద్దన్నాడు? ఈ రాజు దించద్దన్నాడు. మరి గేటో? తెరిచే ఉంది నాయనా, తెరిచే ఉంది.

ఆ కాళ్ళ కిందనుంచే పైడమ్మ చక్కా నడిచిపోయింది. ఎవరూ చూళ్ళేదు, అందరి కళ్ళూ పైనే. ముసల్ది మనవరాల్ని దీపం దగ్గరికి తీసుకుని ముక్కు చూసింది, చెవులు చూసింది, బోసినోరు చూసింది. నా ముక్కేనే అంది. సంతోషం పట్టలేక తల్లీ ఏడ్చింది, కూతురూ ఏడ్చింది, పిల్లా ఏడ్చింది. పిల్లకి ఆకలేసిందిలే.

తిరిగొచ్చేసరికి అప్పన్న, గంగులు కాళ్ళు పీకేసి, ఒకడి మడమ ఒకడి భుజాన ఆనించుకుని నుంచున్నారు. దూరాన్నించి చూస్తే ఘోరయుద్ధం. రాజులకి భలే నచ్చేసింది. భుజం నొప్పెడుతోందా బావా అని గంగులు గొణిగితే, ముందు కళ్ళురుము, రాజు చూస్తున్నాడని అప్పన్న కసిరాడు.

వాళ్ళలిసిపోతే ఆ కాళ్ళు దిగకముందే ఇంకో ఇద్దరొచ్చి ఎత్తేవాళ్ళు. ముందు దించితే పరువు పోదూ? అందుకని ఆ గేటు మళ్ళీ పడిందే లేదు. చుట్టాలు వెళ్ళారు, గేదెలు మేతకెళ్ళాయి, పైడమ్మ కూతురు పెరిగి రోజూ అమ్మమ్మ దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని నడిపించేది. ముసల్దానికి చూపైతే పోయింది గానీ, ఆ మొహం మాత్రం పోలేదు.

పరువు ఎంత ఎత్తునైనా ఉండనీండర్రా, కింద మనిషి పోయేంత దారుంటే చాలు.

కథ ఆ గేట్లోంచే కంచికెళ్ళింది, మనం దుప్పట్లోకి. ఒరేయ్ బుజ్జీ, ఇంక నువ్వూ ఆ కాలు దించరా, చెల్లెలి మీంచి.