చెవి వెనక సున్నిపిండి

ఏ రాజ్యమని అడక్కండి, ఏ కాలమని అసలే అడక్కండి. రాజులు గంటల తరబడి అద్దం చూసుకునే కాలం అనుకోండి, సరిపోతుంది. అడక్కపోతే మీకు తోచదు కనుక పేర్లు మాత్రం చెబుతాను. రాజ్యం కుసుమగిరి, రాజు రత్నకేతుడు.

రత్నకేతుడు చెడ్డవాడు కాదు. కాకపోతే డాబు మనిషి. అందరూ మంచినీళ్ళు తాగితే ఆయన జలపానం చేసేవాడు. అందరికీ తుమ్మొస్తే ఆయనకు మాత్రం ముందు శంఖం ఊదాలి, ఆ తర్వాతే తుమ్మాలి. అంత మనిషినీ చిన్నప్పుడు కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపు రుద్ది నీళ్ళు పోసిన మనిషి ఒకతె ఉంది. పేరు కోనమ్మ.

తల్లి పురిట్లోనే పోతే ఆ పసివాణ్ణి కోనమ్మే పెంచింది. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి ఒళ్ళంతా మర్దించేది. పెసరపిండిలో పసుపూ పాలమీగడా కలిపి నలుగుపెట్టేది. నీళ్ళు పోసేటప్పుడు కళ్ళల్లో పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. ఇప్పుడు ఆ పిల్లాడికి మీసాలొచ్చి, కిరీటమొచ్చి, ఉయ్యాల్లో కూతురు కూడా వచ్చింది. ఆ పాపకూ కోనమ్మే స్నానం చేయిస్తోంది. పండగనాడు మాత్రం రాజుగారు కూడా పీటమీద బుద్ధిగా కూర్చుని నలుగు పెట్టించుకునేవారు. ఆ సంగతి సభలో ఎవరూ ఎత్తకూడదు.

అలాంటి ఒక పండగనాడే కొంప మునిగింది.

స్నానం ముగించుకుని, పట్టుబట్టలు కట్టుకుని రాజుగారు నేరుగా సభకు వచ్చారు. పొరుగు రాజ్యపు రాయబారి దగ్గరికొచ్చి నమస్కరించి, ఆగి, చిన్నగా నవ్వాడు.

"ప్రభువులు ఇవాళ స్వయంగా పెసర పుణుకులు వేశారా ఏం? చెవి వెనక పిండి అంటుకుంది."

సభంతా నవ్వింది. రాజుగారు చెవి వెనక తడుముకుంటే ఎండిన సున్నిపిండి పెచ్చు ఊడి చేతికొచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది.

ఆ సాయంత్రమే ఆజ్ఞ వెలువడింది. ఇకమీదట రాజభవనంలో స్నానాలగదికి పిండి అన్నది రాకూడదు. రాజచర్మానికి రాజలేపనాలే వాడాలి. కోనమ్మ తన కంట పడకూడదు. పున్నమినాటికి బండి కట్టించి ఆమెను పుట్టినూరికి పంపెయ్యాలి. పుట్టినూళ్ళో ఆమెకెవరున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే తెలిసేది, ఎవరూ లేరని.

పాప స్నానానికి వెండి తొట్టె వచ్చింది. దాసీలు చందనపు నీళ్ళు పోశారు, వీణ వాయించారు, చిలకను చూపించారు. పాప మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. రోజూ ఆ వేళకు ఆ ఏడుపు సభదాకా వినబడేది. మంత్రులు దగ్గుతూ కూర్చునేవారు.

ఆ సభలో తిప్పన అనే విదూషకుడున్నాడు. నవ్వించడం ఆయన పని. ఆ ఏడుపు వింటూ నవ్వించడం ఆయనవల్ల కాలేదు. ఒక పొద్దున్న లేచి గోశాల పక్క పాకలో ఉన్న కోనమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ చాపమీద పెసలూ, బావంచాలూ, కచ్చూరాలూ, గులాబిరేకులూ, బత్తాయి తొక్కలూ ఎండబెడుతోంది.

"ఎవరూ?" అంది, తిప్పన ఎదురుగా నిలబడి ఉండగానే.

"నేనే అవ్వా, తిప్పనను."

"రా నాయనా, కూర్చో. ఇవి ఎండాక విసిరి పిండి చేసి పెడతాను. నువ్వు దాసీలకు చెప్పాలి. పాపకు బావంచాలు వద్దు, ఘాటు. పెసరపిండీ పాలమీగడా చాలు. నూనె ముందు తమ మణికట్టు మీద వేసుకు చూడమను, వేడి తెలుస్తుంది. మెడ మడతల్లో తడి ఉంచొద్దను, ఒరుస్తుంది." ఇలా చెబుతూ ఆవిడ బత్తాయి తొక్కలు తీసి గులాబిరేకుల్లో పోసింది. వేళ్ళకు తగిలాక నాలిక కరుచుకుని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

తిప్పనకు అర్థమైంది. చెవి వెనక పిండి ఎందుకు మిగిలిపోయిందో కూడా అర్థమైంది.

"చూపు ఎప్పటినుంచి ఆనడం లేదు అవ్వా?"

కోనమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎవరికీ చెప్పకయ్యా. నీకు పుణ్యముంటుంది. చూపు లేనిదాని చేతికి పసిపిల్లనెవరిస్తారు? అసలే పంపేస్తున్నారు. పోయేముందు ఒక్కసారి పాపకు నీళ్ళు పోసి పోతాను, ఆ మాత్రం ఇప్పించు."

"ఎవరికీ చెప్పను అవ్వా," అని తిప్పన మాట ఇచ్చాడు.  ఆవిడ ముందు కూర్చుని మిగిలిన తొక్కలన్నీ ఏరిపెట్టి లేచి వచ్చాడు.

దార్లో ఆస్థాన వైద్యుడు శఠగోపాచార్యులు ఎదురయ్యాడు. మనిషి సగమయ్యాడు.

"తిప్పనగారూ, కొంప మునిగింది. ముత్యాల భస్మం, పటిక, కర్పూరం, నిమ్మరసం కలిపి లేపనం చేశాను. రాజుగారి బుగ్గలు ఎర్రబడి పొట్టు రేగాయి. సభలోవాళ్ళు అరుణకాంతి అని పొగుడుతున్నారు కాబట్టి బతికిపోయాను."

"మరి ఆ మంటల మందు ఎందుకిచ్చారు స్వామీ?"

"మొదట నేనూ పెసరపిండీ మీగడే చెప్పాను. ప్రభువులు ముఖం చిట్లించారు. ఆ తర్వాత ముత్యాలన్నాను. సంతోషించారు. ఇంట్లో మా పిల్లలకు పెట్టేది నలుగేనండీ, ఎవరితోనూ అనకండి."

తిప్పనకు ప్రాణం లేచొచ్చింది. ఆచార్యుల భుజంమీద చెయ్యివేసి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆచార్యులు మొదట బెదిరాడు, తర్వాత తలూపాడు.

మర్నాడు సభలో తిప్పన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ముత్యాల లేపనం గొప్పదా, ముసలమ్మ పిండి గొప్పదా అని ఊళ్ళో వాదులాడుకుంటున్నారు. తమరు తేల్చేస్తే జనం పనులు చూసుకుంటారు."

"ఇందులో తేల్చేదేముంది? లేపనమే గొప్పది," అన్నారు రాజుగారు, దురద పుడుతున్న బుగ్గను వింజామరతో కప్పుకుంటూ.

"తమరంటే అయిపోయినట్టే. అయినా ఒక చిన్న పరీక్ష. కళ్ళు గిన్నెను చూసి తీర్పు చెబుతాయి. చర్మం చేత చెప్పించాలి. తమరు కళ్ళకు గంతలు కట్టుకోండి. ఒక చేతికి ఒకటి, రెండో చేతికి ఒకటి. తమ చర్మం దేన్ని మెచ్చుకుంటే అది చేసినవాళ్ళు కోటలో ఉంటారు."

"ఓడితే?"

"కోనమ్మ బండిలోనే నేనూ ఎక్కిపోతాను. ఆవిడకు దారిలో కబుర్లు చెప్పేవాళ్ళుండాలి కదా."

రాజుగారు అనుమానంగా చూశారు. "తిప్పనా, ఆ కోనమ్మ నా కంట పడకూడదని ఆజ్ఞ ఇచ్చాను. మరిచావేమో."

"ఆవిడ తమ కంట పడితే నా తల తీయించండి ప్రభూ."

స్నానాలగదిలో ఏర్పాట్లయ్యాయి. రాజుగారు పీటమీద కూర్చున్నారు. తిప్పన స్వయంగా నల్లబట్టతో గంతలు కట్టాడు. గుమ్మం దగ్గర రాణిగారు పాపను ఎత్తుకుని నిలబడ్డారు. పాప ఏడుస్తూనే ఉంది.

మొదట ఆచార్యులు వచ్చాడు. బంగారు చెంచాతో తీసి కుడిచేతికి పైపైన పూసి, మంత్రంలాంటిదేదో గొణిగాడు.

"ఊఁ," అన్నారు రాజుగారు. "మంట లేదు. కానీ ఇదేమిటి, గోడకు సున్నం కొట్టినట్టుంది. ఇది పిండే. నాకు తెలిసిపోయింది."

రెండోసారి ఎవరో వచ్చి ఎడమచెయ్యి అందుకున్నారు. ముందు ఆ చెయ్యిని కాసేపు ఊరికే పట్టుకున్నారు. తర్వాత మణికట్టు దగ్గర మొదలుపెట్టి పైకి, మోచేతి గరుకు దగ్గర ఆగి గుండ్రంగా, మళ్ళీ భుజం దాకా రుద్దారు. తొందరలేదు. రాజుగారి భుజాలు కిందికి జారాయి. బిగించిన దవడ వదులైంది. కొంతసేపటికి తల ఒక పక్కకు వాలింది.

"ఇదీ లేపనమంటే," అన్నారాయన నిద్రమత్తులో. "ఆచార్యులవారూ, ఇవాళ మీ ముత్యాలు భలే కుదిరాయి. తిప్పనా, బండి ఎక్కు."

"ఎక్కుతాను ప్రభూ. ముందు చేతులు కడగనివ్వండి."

దాసీ చెంబెత్తి ఎడమ భుజంమీద నీళ్ళు పోసింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు వినగానే ఒక అరచెయ్యి దానంతటదే లేచి రాజుగారి నుదుటికి అడ్డం నిలిచింది. కళ్ళకు గంతలున్నాయి. నీళ్ళు పోసింది భుజంమీద. అయినా ఆ చెయ్యి అక్కడే ఉంది.

 రాజుగారు తడిచేత్తో ఆ అరచేతిని తడిమారు.

"కోనమ్మా," అన్నారు చివరికి.

"నేను లేను నాయనా," అంది కోనమ్మ భయపడి.

రాజుగారు గంతలు విప్పబోయారు. తిప్పన గబుక్కున ఆయన చేతులు పట్టుకున్నాడు. "ప్రభూ, విప్పితే ఆవిడ తమ కంట పడుతుంది. నా తల పోతుంది. ముందు ఆజ్ఞ విప్పండి, తర్వాత గంతలు విప్పుకోండి."

"విప్పాను. ఆజ్ఞ లేదు, ఏమీ లేదు. వదులు."

గంతలు తీసేసరికి ఎదురుగా కోనమ్మ, చేతులకింకా పిండి. రాజుగారు రెండు గిన్నెలూ చూశారు. రెంటిలోనూ ఒకటే పెసరపిండి, ఒకటే మీగడ. ఒకటి బంగారు గిన్నె, ఒకటి మట్టి మూకుడు.

"రెండూ పిండేనా?"

"రెండూ పిండే ప్రభూ," అన్నాడు తిప్పన. "ఆచార్యులవారు నిజంగానే మంచి వైద్యులు. ఆయన మొదట చెప్పిన మందే ఇది. ఇందులో ఒక దినుసు మాత్రం కొట్లో దొరకదు. అది కోనమ్మ దగ్గరే ఉంది. బండెక్కించి పంపిస్తే దాన్ని మళ్ళీ తెప్పించలేం."

రాజుగారికి సిగ్గేసింది. కోనమ్మ వంక చూసి, చిన్నపిల్లాడు అలిగినట్టు అడిగారు. "మరి ఆరోజు చెవి వెనక ఎందుకు వదిలేశావు? నలుగురిలో నవ్వులపాలయ్యాను కదా."

 తిప్పన మాట ఇచ్చాడు కనుక నోరు విప్పలేదు. కోనమ్మ తల వంచుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పెంచిన పిల్లాడితో అబద్ధమాడడం ఆవిడకు చేతకాలేదు.

"చూపానడం లేదు నాయనా. వేళ్ళతోనే నెట్టుకొస్తున్నాను. నువ్వు నవ్వులపాలయ్యింది నావల్లే. పాపను నా చేతికివ్వాలంటే నీకు భయం వేస్తుంది, నాకు తెలుసు. వెళ్ళిపోతాను. ఒక్కసారి నీళ్ళు పోసి వెళ్ళిపోతాను."

రాజుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇప్పుడు అడ్డం పెట్టడానికి ఆ చెయ్యి కూడా చాల్లేదు. ఆయన లేచి, రాణిగారి చేతుల్లోంచి పాపను తీసుకుని వచ్చారు.

"కూర్చో కోనమ్మా. కాళ్ళు చాపు."

ఆవిడ పీటమీద కూర్చుని కాళ్ళు చాపింది. రాజుగారు పాపను ఆ కాళ్ళమీద పడుకోబెట్టి, తాను పక్కనే తడినేలమీద చతికిలబడ్డారు. పట్టుబట్టలు తడిసిపోయాయి. కోనమ్మ చెయ్యి వీపుమీద పడగానే పాప రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది. "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు," అంటూ కోనమ్మ నీళ్ళు పోసింది. స్నానమయ్యాక రాజుగారు మెత్తని బట్ట తీసుకుని పాప చెవి వెనక చూసి, తుడిచి, మళ్ళీ చూశారు.

"నీళ్ళు పోసేది నువ్వు. చూసేది నేను. రోజూ ఇంతే," అన్నారు.

అప్పుడు తిప్పన వంక తిరిగి నవ్వడం మొదలుపెట్టారు. శంఖం ఊదలేదు, ఏమీ లేదు, కడుపు పట్టుకుని నవ్వారు. "గోడకు సున్నం కొట్టినట్టుందని అన్నాను కదూ," అని తలుచుకుని మళ్ళీ నవ్వారు. ఆచార్యులు కూడా ధైర్యం చేసి నవ్వాడు. ఆ బంగారు చెంచా తిప్పనకు బహుమానంగా దక్కింది. తిప్పన భార్య దాన్ని ఉప్పుజాడీలో వేసింది.

కొన్నాళ్ళకు పొరుగు రాజ్యపు రాయబారి మళ్ళీ వచ్చాడు. రాజుగారి బుగ్గలు నున్నగా తేరుకున్నాయి. రాయబారి దగ్గరికొచ్చి నమస్కరించి, ఆగి, చిన్నగా నవ్వాడు.

"ఆనాటి పిండి ఇంకా పోలేదా ప్రభూ?"

"ఎప్పుడూ నేనే తుడిచేసుకుంటాను," అన్నారు రాజుగారు. "ఇవాళ మీరొస్తున్నారని ఉంచుకున్నాను. మా ఇంట్లో నాకు నలుగుపెట్టే పెద్దదిక్కు ఉందని మీకు తెలియాలి కదా. మీకెవరైనా నలుగుపెట్టి ఎన్నాళ్ళయిందండీ?"

 రాయబారి ముఖంలో నవ్వు పోయింది. "మా నాయనమ్మ ఉండేది ప్రభూ," అన్నాడు నెమ్మదిగా. 

ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు కోనమ్మ ఒక సున్నిపిండి మూట ఇచ్చి పంపింది. ఎలా కలుపుకోవాలో రెండుసార్లు చెప్పింది. సాగనంపడానికి వెళ్ళిన తిప్పన వచ్చి చెప్పాడు, పొలిమేర దాటేదాకా ఆ రాయబారి మూటను ఒళ్ళోంచి దించలేదట.