ఎర్తు గుంటకు రెండు బిందెలు

గొడవలు పడలేకే ఓబులేసు కొండెక్కాడు. ఇరవై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, సీటు తగాదాలతో చెవులు తూట్లు పడి, మిగిలిన కాలమైనా మౌనంగా గడుపుదామని కంబగిరి స్వామి మఠంలో చేరాడు. స్వామి అతన్ని ఎగాదిగా చూసి, తీసుకెళ్లి ఫోను దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ రాతికొండ మీద సెల్‌ఫోన్లకు సిగ్నల్ అందదు. ఉన్నది ఒక్క ల్యాండ్‌లైను. అందులో వచ్చేవి దండాలు తక్కువ, ఏడుపులు ఎక్కువ. అన్నిటినీ మించింది తిమ్మక్క ఫోను. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఈ మఠంలోనే ఉండి, అయిదేళ్ల కిందట ఎవరో బైరాగుల వెంట ఉత్తరాదికి వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. రోజూ సాయంత్రం అయిదింటికి ఆమె ఫోను చేసి మఠాన్నీ, స్వామినీ, ఎత్తినవాణ్నీ కలిపి దుమ్మెత్తి పోస్తుంది.

స్వామి ఎత్తిన రోజున "ఊఁ, చెప్పు తల్లీ" అంటూ అరగంట వింటాడు. పెట్టేసి నింపాదిగా సంగటి తింటాడు. ఓబులేసు ఎత్తిన రోజున అతనికి ముద్ద దిగదు.

"నా వల్ల కాదు సామీ," అన్నాడు ఒకనాడు. "ఆయమ్మ మాటలకు కడుపు మండిపోతాంది. మీకెట్ల అంటదు? ఆ కిటుకేందో చెప్పండి. లేదంటే నేను కొండ దిగిపోతా."

స్వామి గోడవైపు చూపించాడు. పోయిన ఏడాది పిడుగుకు ఫోను మాడిపోతే, లైన్‌మన్ వచ్చి కొత్త ఫోనుతో పాటు అక్కడ చిన్న పెట్టె ఒకటి బిగించాడు. దాన్నుంచి ఒక లావుపాటి తీగ గోడ వెంట దిగి, బయట బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంటలో ఇనప గొట్టానికి చేరుతుంది. పిడుగు దెబ్బ ఫోనులోకి పోకుండా నేలలోకి దిగిపోవడానికి ఆ ఏర్పాటు.

"ఆ ఎర్తు గుంటలో దినామూ రెండు బిందెలు నీళ్లు పొయ్యి నాయనా. వానలు పడేదాకా," అన్నాడు స్వామి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

కిటుకు అడిగితే కూలిపని చెప్పాడేమిటని ఓబులేసు చిన్నబుచ్చుకున్నాడు. అయినా నడివేసవిలో కొండ కింది బావి నుంచి బిందెలు మోశాడు. మూడో రోజుకు అతని తెలివి మేలుకుంది. మొక్కా లేదు, మొలకా లేదు, ఉత్త మట్టికి ఇన్ని నీళ్లా! పక్కనే కరివేపాకు మొక్క ఎండకు తల వాల్చేసింది. పుణ్యమైనా దక్కుతుందని ఆ రెండు బిందెలూ దానికే పోస్తూ వచ్చాడు. అది చివుళ్లు వేసింది. అతను తెగ మురిసిపోయాడు.

నెల తిరగ్గానే ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. చినుకు పడకముందే తీగల మీద ఎక్కడో పిడుగు పడింది. ఫోను ఫట్‌మని పగిలి నల్లటి పొగ చిమ్మింది. ఓబులేసు గడప దగ్గర ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

స్వామి బయటికెళ్లి, గుంటలోంచి గుప్పెడు మట్టి తెచ్చి ఓబులేసు అరచేతిలో పోశాడు. అది పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. తడి లేని ఆ మట్టి పిడుగును దింపుకోలేకపోయింది.

"కరివేపాకు బాగా వచ్చిందప్పా," అన్నాడు.

ఓబులేసుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ అబద్ధమెందుకు, లోపల కాస్త హాయిగానూ ఉంది. ఇక అయిదింటికి గంట మోగదు. మూడు రోజులు మోగలేదు, మూడు రోజులూ ముద్ద కమ్మగా దిగింది.

నాలుగో రోజు సాయంత్రం ఒక ముసలామె చెప్పులు చేతపట్టుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"మూన్నాళ్ల నుంచి ఫోను ఎత్తరేమిరా? సచ్చినారా, బతికినారా?"

ఆ గొంతు ఓబులేసుకు ఎక్కడైనా గుర్తే. "పిడుగుకు కాలిపోయిందమ్మా," అన్నాడు.

తిమ్మక్క మెట్టు మీదే కూలబడింది. "నా కొడుకు ఉత్తరాదికి పోయినాక కదా మా ఇంటికి ఫోను వచ్చింది. ఆ నంబరు వానికి తెల్దు. వానికి తెలిసింది మీ నంబరొక్కటే. దినామూ ఎందుకు చేస్తాననుకున్నావు? ఇది మోగుతాందో లేదో చూసుకునేదానికే. ఈ మూన్నాళ్లలో వాడు చేసుంటే ఎత్తేదెవరు రా?"

ఓబులేసు లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె తాగి, మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది. అతను కింది మెట్టు మీద కూర్చుని, "చెప్పు తల్లీ," అన్నాడు.

ఆమె దిగి వెళ్లాక అతను బిందెలు రెండూ తీసుకుని బావికి బయల్దేరాడు.

"కొత్త ఫోను ఇంకా రాలేదు కదప్పా, ఇప్పుడెందుకు నీళ్లు?" అన్నాడు స్వామి.

ఓబులేసు రెండు బిందెలూ తెచ్చి గుంటలో వంచి, పక్కనే నిలబడ్డాడు. చూస్తుండగానే నీళ్లన్నీ ఇంకిపోయాయి. అతను మళ్లీ బావికి దిగాడు.